డిస్నీ వరల్డ్‌లో నలుగురికి తిండి ఖర్చు: షీటు కట్టిన డైరీ

ఐదు నెలల ముందు: డబ్బు కంటే ముందు పూటలు

ఫ్లోరిడాలోని వాల్ట్ డిస్నీ వరల్డ్‌లో ఆరు రాత్రుల బస. నలుగురు మనుషులు: ఇద్దరు పెద్దవాళ్లు, పదకొండేళ్ల పాప, ఆరేళ్ల బాబు. డిస్నీ వాళ్ల హోటల్లోనే, వాల్యూ అనే చౌక తరగతి గది. మొదటి రోజు మధ్యాహ్నం దాటాక చేరడం, నడుమ ఐదు రోజులు పార్కులు, ఏడో రోజు టిఫిన్ చేసి బయల్దేరడం. విమానం, గది, పార్కు టికెట్లు ముందే కట్టేస్తాం కాబట్టి వాటితో పేచీ లేదు. రోజుకి అయిదారుసార్లు కార్డు బయటికి తీయించేది తిండి ఒక్కటే. అందుకే దానికి విడిగా షీటు.

"తలకి రోజుకి ఇంత" అని ఒక అంకె వేసుకుని బయల్దేరేవాళ్లు చాలామంది. ఆ పద్ధతి ఇక్కడ నిలబడదు. మామూలు పార్కు రోజున ఈ కుటుంబానికి 145 డాలర్లు సరిపోతాయి, మిక్కీ వచ్చి పలకరించే భోజనం ఉన్న రోజున అదే 335 అవుతుంది. చేతిలో సగటు అంకె మాత్రమే ఉంటే మూడో రోజుకి ఎక్కువ పెట్టామో తక్కువ పెట్టామో ఎవరికీ తెలియదు. అందుకని షీటులో వరుసలు రోజుల లెక్కన కాకుండా పూటల లెక్కన పెట్టాం.

చేరిన రోజు రాత్రి భోజనం ఒకటి. ఐదు పార్కు రోజులకి మూడేసి చొప్పున పదిహేను. బయల్దేరే రోజు టిఫిన్ ఒకటి. మొత్తం 17 పూటలు. అంటే టిఫిన్లు 6, మధ్యాహ్న భోజనాలు 5, రాత్రి భోజనాలు 6. ఒక్కో పూటకి ఎక్కడ, ఏ వేళకి, ఎవరెవరు పెద్దల ధర, ఎవరు పిల్లల ధర, మెనూ మొత్తం, పన్ను, టిప్పు, అసలు బిల్లు అని కాలమ్‌లు. వేళ కాలమ్‌ని చాలామంది వదిలేస్తారు. వేళ రాయని బడ్జెట్ పార్కులో మధ్యాహ్నం మూడున్నరకి తెగిపోతుంది. పదకొండింటికి తిన్న పిల్లలకి అప్పుడే ఆకలేస్తుంది, ఎదురుగా ఏ బండి ఉంటే అక్కడే కొనడం జరుగుతుంది.

ధరలు నింపడం

డిస్నీ వాళ్ల మెనూలన్నీ ధరలతో సహా వెబ్‌సైటులోనూ, మై డిస్నీ ఎక్స్‌పీరియన్స్ యాప్‌లోనూ ఉంటాయి. పదిహేను ఇరవై మెనూలు తిరగేస్తే అంకెలు ఒక పరిధిలోకి వచ్చేస్తాయి. షీటులో వేసుకున్న అంచనా ధరలు ఇవి, పన్ను కలపకుండా.

కౌంటర్ దగ్గర తీసుకుని కూర్చుని తినే క్విక్ సర్వీస్ చోట్ల పెద్దల ప్లేటు 15, పిల్లల ప్లేటు 9, కూల్‌డ్రింక్ 5. పిల్లల ప్లేటులో పానీయం కలిసే వస్తుంది. క్విక్ సర్వీస్ టిఫిన్ పెద్దలకి 11, పిల్లలకి 7. చిరుతిండి తలకి 7. క్యారెక్టర్ రాత్రి భోజనం (మిక్కీ లాంటి డిస్నీ పాత్రలు బల్ల దగ్గరికి వచ్చి పలకరించే బఫే) పెద్దలకి 65, పిల్లలకి 42. అదే టిఫిన్ వేళకి 55, 34. మామూలు టేబుల్ సర్వీస్‌లో, అంటే కూర్చున్న చోటికి తెచ్చి వడ్డించే రెస్టారెంట్లో, పెద్దల ప్లేటు 28, పిల్లలది 14, పానీయాలు తలకి 5.

ఇక్కడ పదేళ్ల గీత చాలా ముఖ్యం. డిస్నీ లెక్కలో పిల్లలంటే 3 నుంచి 9 ఏళ్ల వాళ్లు. పదో ఏడు రాగానే బఫేల్లో పెద్దల ధర పడుతుంది. మూడేళ్లు నిండని వాళ్లకి బఫేలో డబ్బు అడగరు, కానీ బుకింగ్‌లో తలల లెక్కలో మాత్రం వాళ్లనీ చేర్చాలి. ఈ షీటులో పదకొండేళ్ల పాప పెద్ద మనిషి కిందే లెక్క. క్యారెక్టర్ రాత్రి భోజనంలో ఆ పాప రెండు ముక్కలు పాస్తా తిని లేచినా 65 డాలర్లే.

పన్ను: పార్కులు, చాలా హోటళ్లు ఆరెంజ్ కౌంటీలో ఉన్నాయి, అక్కడ అమ్మకపు పన్ను 6.5 శాతం. ఆల్-స్టార్ హోటళ్లు పక్కనున్న ఆసియోలా కౌంటీ కిందికి వస్తాయి, అక్కడ 7.5. టిప్పు: వడ్డించే చోట 18 శాతం వేశాం, పన్ను కలపక ముందు మొత్తం మీద. బఫే అయినా పానీయాలు తెచ్చేది, ప్లేట్లు తీసేది మనిషే కాబట్టి టిప్పు ఉంటుంది. క్విక్ సర్వీస్‌లో టిప్పు లేదు.

దీంతో రెండు గుణకాలు వచ్చాయి. క్విక్ సర్వీస్ మెనూ మొత్తాన్ని 1.065తో హెచ్చించాలి, టేబుల్ సర్వీస్‌ని 1.245తో. రెండోది చూడకుండా వెళ్లేవాళ్లకే బిల్లు చూడగానే గుండె ఝల్లుమంటుంది. క్యారెక్టర్ రాత్రి భోజనం మెనూ ప్రకారం 237 డాలర్లు. బల్ల మీదికి వచ్చేసరికి 295.07.

ఒక జాగ్రత్త: ఆరుగురు, అంతకు మించి కూర్చుంటే 18 శాతం టిప్పు బిల్లులో వాళ్లే వేసేస్తారు. అమ్మమ్మ, తాతయ్య కూడా వస్తే ఈ కుటుంబం సరిగ్గా ఆరుగురవుతుంది. బిల్లు మీద టిప్పు రాసే ఖాళీ గీత అప్పుడూ ఉంటుంది. పై వరుసలు చదవకుండా అలవాటుగా ఆ గీత నింపితే టిప్పు రెండుసార్లు కట్టినట్టే.

మొదటి మొత్తం: 1,827

ముందు ఏమీ ఆపుకోకుండా, మామూలుగా వెళ్లే కుటుంబం తిన్నట్టే నింపాం. ఆరు టిఫిన్లూ హోటల్ ఫుడ్ కోర్టులో: 255.60. కూల్‌డ్రింకులతో తొమ్మిది క్విక్ సర్వీస్ పూటలు (మధ్యాహ్నాలు ఐదు, రాత్రులు నాలుగు): ఒక్కోటి 73.49 చొప్పున 661.37. రెండు క్యారెక్టర్ రాత్రి భోజనాలు: 590.14. ఐదు రోజుల చిరుతిళ్లు: 149.10. పార్కులో సీసా నీళ్లు సుమారు 4 డాలర్లు. తలకి రోజుకి రెండు సీసాలంటే ఐదు రోజులకి 170.40.

చివరి అంకె దగ్గర ఆగి చూడాలి. ఐస్‌క్రీములు, ప్రెట్జెళ్లు, పాప్‌కార్న్ అన్నీ కలిపినా 149 డాలర్లే, సీసా నీళ్లకి మాత్రం 170. ఫ్లోరిడా ఎండలో రెండు సీసాలు ఎక్కువేం కాదు, నిజానికి తక్కువే.

కోతలు ఈ వరుసలో వేశాం.

సీసా నీళ్ల వరుస మొత్తం తీసేశాం. కూల్‌డ్రింక్ మెషీన్ ఉన్న ప్రతి క్విక్ సర్వీస్ కౌంటర్‌లోనూ అడిగితే ఐస్ నీళ్ల కప్పు ఉచితంగా ఇస్తారు, వేరే ఏమీ కొనక్కర్లేదు. సీసాలు నింపుకునే కుళాయిలు కూడా పార్కుల్లో ఉన్నాయి. మనిషికో సీసా ఇంటినుంచి పట్టుకెళితే చాలు. అక్కడి కుళాయి నీళ్లకి ఒక రకమైన వాసన ఉంటుంది, పిల్లలు తాగనంటారు. నిమ్మరుచి పొడి పొట్లాలు పది బ్యాగులో పడేస్తే ఆ గొడవ తీరుతుంది. మిగులు 170.40.

క్విక్ సర్వీస్ పూటలకి కూల్‌డ్రింకులు తీసేశాం. మిగులు 143.78. బాబుకి పిల్లల ప్లేటుతో ఎలాగూ పానీయం వస్తుంది కాబట్టి తగ్గింది మిగతా ముగ్గురికే.

టిఫిన్లు గదిలోకి మార్చాం. సరుకులకి 90 వేసుకుంటే మిగులు 165.60. సరుకుల వివరం కింద ఉంది.

రెండు క్యారెక్టర్ భోజనాల్లో ఒకటి తీసి మామూలు టేబుల్ సర్వీస్ పెట్టాం. 295.07 పోయి 146.91 వచ్చింది. మిగులు 148.16. ఈ భోజనాల్లో మనం కొనేది తిండి కంటే ముఖ్యంగా మిక్కీ, గూఫీ మన బల్ల దగ్గరికి రావడం. ఒకసారి వచ్చాక రెండోసారికి పిల్లల్లో ఆ సంబరం సగానికి పడిపోతుంది.

మిగిలిన క్యారెక్టర్ భోజనాన్ని రాత్రి నుంచి ఆలస్యపు టిఫిన్ వేళకి జరిపాం. టిఫిన్, మధ్యాహ్నం రెండూ కలిసి ఒకే పూట అయిపోతాయి, మధ్యాహ్నపు క్విక్ సర్వీస్ పూట రాత్రికి జరుగుతుంది. పదిన్నర ప్రాంతంలో కూర్చుని తృప్తిగా తింటే సాయంత్రం అయిదు దాకా ఎవరూ ఆకలి అనరు. బిల్లు 295.07 బదులు 247.76. మిగులు 47.31. ఈ అంకె చిన్నదిగా కనిపిస్తుంది గానీ, మధ్యాహ్నం పన్నెండున్నర రద్దీలో క్యూలో నిలబడే పని తప్పడం దీనితో వచ్చే అసలు లాభం.

కొత్త మొత్తం 1,151.36. తగ్గింది 675 డాలర్లు. అందులో 314 కేవలం నీళ్లూ కూల్‌డ్రింకులే. పార్కులో తినే భోజనం సంఖ్య ఒక్కటీ తగ్గలేదు, చిరుతిండి వరుస ముట్టుకోలేదు. పిల్లలతో వెళ్లే యాత్రలో చిరుతిండి కోయడం తప్పు కోత అని మా గట్టి అభిప్రాయం. అలోహా ఐల్ కౌంటర్ ముందు డోల్ విప్ (పైనాపిల్ ఐస్‌క్రీము లాంటిది) అడిగిన పిల్లకి వద్దని చెప్పి మిగుల్చుకునేది ఏడు డాలర్లు. దానికోసం మధ్యాహ్నం అంతా అలకలతో గడుస్తుంది.

మీద 10 శాతం ఆపద్ధర్మ నిధి: మొత్తం 1,266.50.

డైనింగ్ ప్లాన్ పరీక్ష

డిస్నీ హోటల్ ప్యాకేజీతో డైనింగ్ ప్లాన్, అంటే ముందే డబ్బు కట్టి పూటలు తీసుకునే పథకం, కొనుక్కోవచ్చు. 2020లో ఆగిపోయిన ఈ పథకం 2024 జనవరి 9న తిరిగి మొదలైంది. రెండు రకాలు. క్విక్ సర్వీస్ ప్లాన్‌లో మనిషికి రాత్రికి రెండు క్విక్ సర్వీస్ భోజనాలు, ఒక చిరుతిండి. పెద్ద ప్లాన్‌లో ఒక క్విక్ సర్వీస్, ఒక టేబుల్ సర్వీస్, ఒక చిరుతిండి. రెండింటిలోనూ తలకో రీఫిల్ మగ్గు (పానీయం మళ్లీ మళ్లీ నింపుకునేది). ఆ మగ్గు హోటళ్లలోనే పనిచేస్తుంది, పార్కులో కాదు. పన్ను కలిసి ఉంటుంది, టిప్పు కలవదు. గదిలో మూడేళ్లు దాటిన అందరూ ఒకే ప్లాన్ తీసుకోవాలి, ఒకరికి కొని ఒకరికి మానడానికి లేదు.

2024 ధరలతో పరీక్షించాం. ధర ఏటా మారుతుంది, బుక్ చేసే ఏటి అంకెలు వేసి ఇదే లెక్క మళ్లీ చేసుకోవాలి. క్విక్ సర్వీస్ ప్లాన్ పెద్దలకి రాత్రికి 57.01, పిల్లలకి 23.83. ముగ్గురు పెద్దలు, ఒక పిల్లవాడు: రాత్రికి 194.86, ఆరు రాత్రులకి 1,169.16.

ఇదే తిండి విడిగా కొంటే? కూల్‌డ్రింకులతో 12 పూటలు 881.82, ఆరు రోజుల చిరుతిళ్లు 178.92, మగ్గులు 22 చొప్పున నాలుగు పన్నుతో 93.72. మొత్తం 1,154.46. దాదాపు సమానం. కానీ ఇది ప్రతి పూటా కూల్‌డ్రింక్ తాగి, మగ్గులు ఎలాగైనా కొనే కుటుంబానికి. ఐస్ నీళ్లు తాగి మగ్గు జోలికి పోని కుటుంబానికి అదే తిండి 869.04 అవుతుంది, ప్లాన్ కొంటే 300 డాలర్లు నష్టం. ఈ ప్లాన్ లాభమా నష్టమా అన్నది పానీయాల దగ్గర తేలుతుంది. 21 దాటిన వాళ్లు భోజనంతో బీరో కాక్‌టెయిలో తీసుకునే అలవాటున్నవాళ్లయితే లెక్క ప్లాన్ వైపు తిరుగుతుంది, ఎందుకంటే పానీయం కింద అవీ వస్తాయి.

ఇంకా దగ్గరగా చూస్తే ఇంట్లోనే ఇద్దరికి రెండు రకాల ఫలితం. ఆరేళ్ల బాబుకి రెండు ప్లేట్లు, ఒక చిరుతిండి విడిగా కొంటే పన్నుతో 26.63, ప్లాన్ 23.83. లాభమే. పదకొండేళ్ల పాపకి నీళ్లతో రెండు పెద్దల ప్లేట్లు, చిరుతిండి 39.41, ప్లాన్ 57.01. రాత్రికి 17.60 నష్టం, ఆరు రాత్రులకి 105.60. తొమ్మిదేళ్లలోపు పిల్లలే ఉన్న కుటుంబం ఒకలా ఆలోచించాలి, పది దాటిన పిల్లలున్న కుటుంబం ఇంకోలా.

పెద్ద ప్లాన్ 2024లో పెద్దలకి 94.28, పిల్లలకి 29.69. ఈ నలుగురికి రాత్రికి 312.53. ప్రతి రాత్రీ క్యారెక్టర్ భోజనమే చేస్తే విడిగా కొనే విలువ 355.72 కాబట్టి రాత్రికి 43 మిగులుతుంది. టిప్పు రాత్రికి 42.66 చొప్పున జేబులోంచే. వరసగా ఆరు రాత్రులు బఫే ఎవరు తింటారు? మామూలు టేబుల్ సర్వీస్‌కి వాడితే, పెద్దలకి 10 డాలర్ల డెజర్ట్ కలిపినా, రోజు విలువ 261 దగ్గర ఆగుతుంది, అంటే రాత్రికి 52 నష్టం. సిగ్నేచర్ అనే ఖరీదైన రెస్టారెంట్లు ఒక్కో మనిషికి రెండు క్రెడిట్లు (ప్లాన్‌లో కొన్న పూటల్ని అలా లెక్కిస్తారు) తీసుకుంటాయి, అక్కడ ఇంకా వేగంగా కరిగిపోతాయి. మిగిలిన క్రెడిట్లు గది ఖాళీ చేసే రోజు అర్ధరాత్రికి చెల్లిపోతాయి.

నిర్ణయం: ప్లాన్ వద్దు. కాగితం మీద సమానంగా ఉన్నా వద్దనే అంటాం. ముందే డబ్బు కట్టిన క్రెడిట్ వృథా కాకూడదని ఆకలి లేకపోయినా తినడం మొదలవుతుంది.

అరవై రోజుల ముందు: బుకింగులు

టేబుల్ సర్వీస్ బుకింగులు 60 రోజుల ముందు తెరుచుకుంటాయి. డిస్నీ హోటల్లో దిగేవాళ్లకి చేరే తేదీకి 60 రోజుల ముందే, బస మొత్తానికి (గరిష్ఠంగా పది రోజులకి) ఒకేసారి బుక్ చేసుకునే వీలుంది. బయట దిగేవాళ్లు ఏ రోజుకి ఆ రోజు 60 రోజులు లెక్కేసుకోవాలి. ఆన్‌లైన్‌లో అక్కడి ఉదయం ఆరింటికి తెరుచుకుంటుంది. భారత్‌నుంచి చేసేవాళ్లకి అది అమెరికా వేసవి సమయంలో మధ్యాహ్నం మూడున్నర, చలికాలంలో నాలుగున్నర.

వరుస ఇలా పెట్టుకున్నాం. ముందు క్యారెక్టర్ టిఫిన్. దాన్ని యాత్ర చివరి పార్కు రోజుకి, అంటే ఆరో రోజుకి అడిగాం. కారణం సూటిగా ఉంది: మన ఆరో రోజు ఈ వేళకి బయటివాళ్లకి ఇంకా తెరుచుకోలేదు, హోటళ్లలో మనకంటే ఆలస్యంగా దిగేవాళ్లకీ తెరుచుకోలేదు. అదే మొదటి రోజుకి అడిగితే, మనకంటే ముందు దిగినవాళ్లు అప్పటికే తీసేసుకుని ఉంటారు. చోటు కాంటెంపరరీ హోటల్లోని షెఫ్ మిక్కీస్. అక్కడినుంచి మ్యాజిక్ కింగ్‌డమ్ పార్కుకి నడిచి వెళ్లే బాట ఉంది, పది నిమిషాలు. తినగానే బస్సు కోసం నిలబడే పని లేదు.

రెండోది యానిమల్ కింగ్‌డమ్ పార్కు రోజు రాత్రికి సనా అనే రెస్టారెంట్. యానిమల్ కింగ్‌డమ్ లాడ్జ్ హోటల్లో కిడానీ విలేజ్ భవనంలో ఉంటుంది, కిటికీ బయట జిరాఫీలు, జీబ్రాలు తిరుగుతుంటాయి. ఆఫ్రికా, భారత రుచుల మేళవింపు. అక్కడి బ్రెడ్ సర్వీస్‌లో నాన్ రకాలు, వాటితో తొమ్మిది రకాల చట్నీలూ డిప్పులూ వస్తాయి, నలుగురూ పంచుకోవచ్చు. పొద్దుండగానే వెళితేనే జంతువులు కనిపిస్తాయి కాబట్టి చలికాలంలో అయిదింటి వేళ, వేసవిలో ఆరున్నర.

ఒక్కో బుకింగ్ పక్కన "చివరి రద్దు వేళ" అని ఇంకో కాలమ్ చేర్చాం. చాలా రెస్టారెంట్లలో భోజన వేళకి రెండు గంటల ముందు దాకా రద్దు చేసుకోవచ్చు. దాటితే తలకి 10 డాలర్లు, ఈ కుటుంబానికి 40. పిల్లలు గదిలో నిద్రపోయి లేవని సాయంత్రం ఈ కాలమ్ పనికొస్తుంది. పార్కు నుంచి వేరే హోటల్లోని రెస్టారెంట్‌కి వెళ్లాలంటే నడుమ గంటకి తక్కువ పెట్టకూడదు, గంటన్నర అయితే నిశ్చింత. బస్సు ప్రయాణం పావుగంటే అయినా, గేటు దాకా నడక, బస్సు కోసం ఆగడం అసలు సమయాన్ని తింటాయి.

శాకాహారుల వరుస

డిస్నీ మెనూల్లో ఆకుపచ్చ ఆకు గుర్తు ఉన్న వంటకాల్లో మాంసం, పాలు, గుడ్డు, తేనె ఏవీ ఉండవు. కానీ పాలు, చీజ్ తినే శాకాహారులకి ఆ గుర్తు ఒక్కటే చూస్తే మెనూ సగం కనిపించదు. చీజ్ పిజ్జాకి ఆకు గుర్తు ఉండదు. గుర్తు లేనివి కూడా వివరం చదివి ఎంచుకోవాలి, అనుమానం ఉంటే కౌంటర్‌లో షెఫ్‌తో మాట్లాడతామని అడగొచ్చు. యానిమల్ కింగ్‌డమ్‌లో పండోరా వైపున్న సతూలీ క్యాంటీన్‌లో టోఫు గిన్నె, ఎప్‌కాట్‌లో కనెక్షన్స్ ఈటరీలో పిజ్జా, ఇలా పార్కుకి ఒక చోటైనా ముందే రాసి పెట్టుకుంటే అక్కడికెళ్లి వెతుక్కోనక్కర్లేదు.

బఫేల గురించి ఒక మాట. ధర అందరికీ ఒకటే, మాంసాల బల్ల ముట్టనివాళ్లకి కూడా. నలుగురూ శాకాహారులైతే క్యారెక్టర్ భోజనం తిండి విలువలో ఎప్పటికీ గిట్టదు. ఆ బొమ్మల కోసం కడుతున్నాం అని ముందే ఒప్పుకుని వేసుకోవాలి, లేదంటే అదే పాత్రల్ని పార్కులో క్యూలో నిలబడి కలవడానికి రూపాయి ఖర్చు లేదు.

పది రోజుల ముందు: సరుకులు

ఆరో రోజు టిఫిన్ షెఫ్ మిక్కీస్‌లోనే కాబట్టి గదిలో ఐదు టిఫిన్లు, నలుగురు: 20 వాటాలు. ఐదు మధ్యాహ్నాలకి బ్యాగులో వేసుకునే చిరుతిండి కూడా 20. వాల్యూ గదిలో చిన్న ఫ్రిజ్ ఉంటుంది, మైక్రోవేవ్ మామూలు గదుల్లో ఉండదు. వేడి చేసుకోవాలంటే ఫుడ్ కోర్టు దాకా వెళ్లాలి. అందుకని వేడి అక్కర్లేని టిఫినే వేసుకున్నాం.

సిరియల్ పది వాటాలు, బ్రెడ్ పది వాటాలు. పాలు అర గ్యాలన్ డబ్బా ఒకటి, అంటే సుమారు 1.9 లీటర్లు, పది గిన్నెలకి గిన్నెకి 190 మిల్లీలీటర్ల చొప్పున సరిపోతుంది. పూర్తి గ్యాలన్ చౌక అనిపిస్తుంది గానీ ఆ చిన్న ఫ్రిజ్‌లో తలుపు మూసుకోదు. ఇరవై ముక్కల బ్రెడ్ ఒకటి, వేరుశనగ వెన్న ఒక సీసా (ప్లాస్టిక్‌ది), జామ్ ఒకటి. అరటిపళ్లు పది, యాపిళ్లు పది, గ్రనోలా బార్లు ఇరవై. కాగితపు గిన్నెలు, చెంచాలు, జిప్ కవర్లు. 90లో ఇవన్నీ వచ్చి, తెప్పించుకునే ఖర్చుకి, టిప్పుకి కూడా కాస్త మిగులుతుంది. అరటిపళ్లు పచ్చివే అడగాలి, మూడో రోజుకి పండుతాయి.

సరుకులు చేరవేసే ఇన్‌స్టాకార్ట్ లాంటి యాప్‌లతో హోటల్‌కే తెప్పించుకోవచ్చు. సరుకులు బెల్ సర్వీసెస్ వాళ్లు (హోటల్లో సామాన్లు చూసుకునే సిబ్బంది) తీసుకుని ఉంచుతారు, దానికి చిన్న రుసుము ఉంటుంది. డెలివరీ వేళని విమానం దిగాక రెండు గంటల తర్వాతికి పెట్టుకుంటే, విమానం ఆలస్యమైనా పాలు పాడవవు.

పార్కులోకి బయటి తిండి తీసుకెళ్లొచ్చు. గాజు సీసాలు కుదరవు (పసిపిల్లల ఆహారపు చిన్న సీసాలకి మినహాయింపు ఉంది), మద్యం కుదరదు, విడి ఐస్ గానీ డ్రై ఐస్ గానీ కుదరదు. గడ్డకట్టించిన జెల్ ప్యాకులు వాడుకోవాలి. 24 అంగుళాల పొడవు, 15 వెడల్పు, 18 ఎత్తు దాటిన కూలర్లని లోపలికి రానివ్వరు. అంత పెద్దది మోసుకెళ్లే అవసరం కూడా లేదు, నాలుగు బార్లు, నాలుగు పళ్లు పట్టే సంచీ చాలు.

డబ్బు కట్టే దారి

అమెరికాలో ఉండేవాళ్లకి టార్గెట్ దుకాణాల సర్కిల్ కార్డుతో డిస్నీ గిఫ్ట్ కార్డులు కొంటే 5 శాతం తగ్గుతుంది. 1,000 డాలర్ల తిండికి 50 మిగిలినట్టే. పార్కుల్లో అన్నీ గది ఖాతాకి రాయించుకుని, రిసెప్షన్‌లో గిఫ్ట్ కార్డులతో తీర్చేయొచ్చు. కార్డు పోతే డబ్బు పోయినట్టే, కాబట్టి వెనక అంకెలకి ఫొటో తీసి పెట్టుకోవాలి. భారత్‌నుంచి వెళ్లేవాళ్లు తమ కార్డు మీద విదేశీ లావాదేవీ రుసుము ఎంతో ముందే చూసుకోవాలి, 3.5 శాతం అయితే ఈ బడ్జెట్ మీద 44 డాలర్లు, దాని మీద జీఎస్టీ. అది షీటులో ఒక వరుసగా ఉండాలి. పిల్లల మ్యాజిక్ బ్యాండ్లకి (చేతికి కట్టుకునే డిస్నీ పట్టీలు) ఖర్చు రాసే అనుమతి తీసేయించాం.

పార్కు రోజులు: రాత్రి పూట నమోదు

రోజుల వారీ పోగు అంకె ముందే షీటులో ఉంది. సరుకులతో కలిపి మొదటి రాత్రికి 147.51. మ్యాజిక్ కింగ్‌డమ్ రోజు ముగిసేసరికి 292.35. యానిమల్ కింగ్‌డమ్, సనాతో 526.59. హాలీవుడ్ స్టూడియోస్ 671.43. ఎప్‌కాట్ 816.27. షెఫ్ మిక్కీస్, మళ్లీ మ్యాజిక్ కింగ్‌డమ్‌తో 1,151.36. రాత్రి గదికి వచ్చాక అసలు ఖర్చుని దీని పక్కన వేసి చూడటమే పని, రెండు నిమిషాలు. 30 డాలర్లకి మించి దాటితే మర్నాడు ఒక క్విక్ సర్వీస్ పూటని సర్దాలి: రెండు పెద్ద ప్లేట్లని పంచుకోవడం, లేదా పెద్దవాళ్లు కూడా పిల్లల ప్లేటు తీసుకోవడం. బుక్ చేసిన భోజనాన్ని ముట్టుకోవద్దు.

క్విక్ సర్వీస్‌కి మొబైల్ ఆర్డర్ తప్పనిసరి అనే అంటాం. పన్నెండింటికి యాప్ తెరిస్తే ఒంటిగంటన్నర వేళ చూపిస్తుంది. పొద్దున పార్కులోకి వెళ్లగానే పదకొండు, పదకొండుంపావు వేళకి ఆర్డర్ పెట్టేసుకోవాలి. అక్కడికి చేరాక "వచ్చాం" బటన్ నొక్కేదాకా వంట మొదలవదు, అందాకా మార్చుకోవచ్చు, రద్దు చేసుకోవచ్చు. ఇంకో లాభం: పిల్లల్ని పక్కన పెట్టుకుని నింపాదిగా ధర చూస్తూ ఎంచుకుంటాం, కౌంటర్ ముందు నిలబడి తొందరలో "అదీ ఇవ్వండి" అనడం ఉండదు.

ఎప్‌కాట్‌లో పండుగ బూత్‌లు నడిచే రోజులైతే ఆ రోజు రాత్రి భోజనం వరుసని బూత్‌లకి మార్చొచ్చు, కానీ చేతిలో 54 డాలర్లే అని గుర్తుపెట్టుకుని. ఎనిమిదేసి డాలర్ల చిన్న ప్లేట్లు ఆరు వస్తాయి. పిల్లల ధర అంటూ అక్కడ లేదు, నలుగురికీ అవి కడుపు నింపవు. పిల్లలకి ముందు ఒక పిల్లల ప్లేటు తినిపించి, పెద్దవాళ్లు బూత్‌ల వైపు వెళ్లడం మేలు.

బయల్దేరే ముందు రాత్రి యాప్‌లో గది బిల్లు తెరిచి, షీటులోని అసలు ఖర్చుతో వరుసకి వరుస కొట్టి చూడాలి. సరిపోని అంకె సాధారణంగా టేబుల్ సర్వీస్ వరుసల్లోనే ఉంటుంది, టిప్పు దగ్గర. తేడా కనిపిస్తే గది ఖాళీ చేయకముందే రిసెప్షన్‌లో రసీదు చూపించి అడగాలి.